పింఛను, నొప్పి గోలీలు: అమెరికాలో, మర్రిగూడలో

అమెరికాలో వికలాంగుల భృతి మొదలైన 24 నెలలకు మెడికేర్ అనే సర్కారు ఆరోగ్య బీమా వస్తుంది. దాంట్లో మందుల బీమా తీసుకుంటే ఓపియాయిడ్ గోలీల (నల్లమందు తరహా బలమైన నొప్పి మందులు) ఖర్చు చాలావరకు అదే చూసుకుంటుంది. ఈ లబ్ధిదారుల్లో వాటి వాడకమూ ఎక్కువే. కానీ భృతే ఈ గోలీలు అలవాటు చేసిందనడం అన్యాయం. నొప్పితో పని చేయలేకే చాలామంది భృతి దాకా వచ్చారు.

నల్లగొండ జిల్లా మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్లకు నడుము బిగుసుకుపోయిన పెద్దాయనకు, సదరంలో (వైకల్యం ఎంతో తేల్చే సర్కారు పరీక్ష) 40 శాతం వైకల్యం ఉంటే, 2023 నుంచి ఆసరా పింఛను నెలకు 4,016 రూపాయలు. సర్కారు దవాఖానాలో లేని గోలీలు అందులోంచే కొనుక్కోవాలి. ట్రమడాల్ అనే ఓపియాయిడ్ గోలీ 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికొచ్చింది, డాక్టర్ చీటీ లేనిదే ఇవ్వకూడదు. అది దొరక్క డైక్లోఫెనాక్ అనే మామూలు నొప్పి గోలీ రోజూ మింగితే కిడ్నీలకు ముప్పు.

నన్నడిగితే బీమా మనకూ కావాలి, ఫిజియోథెరపీతో కలిపి. ట్రమడాల్ అలవాటైనవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.