రెసిడెంట్లు చూసే కమ్యూనిటీ క్లినిక్: ఓపికుంటే మంచి వైద్యం

అమెరికాలో ఇన్సూరెన్స్ లేనివాళ్లకు ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెంట్లు (అంటే ఇంకా శిక్షణలో ఉన్న డాక్టర్లు) పనిచేసే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు బాగా పనికొస్తాయి. ఫెడరల్ గ్రాంటుతో నడిచేచోట కుటుంబ ఆదాయం ప్రభుత్వం పెట్టిన పేదరిక ఆదాయ ప్రమాణానికి 200 శాతం దాటకపోతే ఫీజు తగ్గిస్తారు. 100 శాతం లోపైతే నామమాత్రమే. పే స్టబ్బో (జీతం చీటీ), ట్యాక్స్ రిటర్నో తీసుకెళ్లండి, లేకపోతే పూర్తి బిల్లు పడొచ్చు.

రెసిడెంట్ పరీక్షించాక బయటికెళ్లి సీనియర్ డాక్టర్‌తో చర్చించి వస్తారు. ఆలస్యం అక్కడే. ఒకటికి రెండు బుర్రలు కదా, భరించొచ్చు!

అసలు లోపం వేరే ఉంది. శిక్షణ 3 ఏళ్లే. జూన్ నెలాఖరుకు మీ డాక్టర్ వెళ్లిపోవచ్చు. అందుకే మొదటి ఏడాది రెసిడెంట్‌నే అడగండి. మందుల జాబితా, రిపోర్టుల కాపీలు మీ దగ్గరే ఉండాలి. దుభాషి ఉచితం, కానీ అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి.