హార్ట్‌రేట్ స్ట్రాప్ చాలాకాలం వాడాక: గుండె సంగతి సరే, పిక్కల సంగతి దానికి తెలీదు

నేను చేసేది ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్, అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నే దొరికిన కాసేపట్లో ప్రాక్టీస్ చేసుకునే బాపతు. ఛాతీకి కట్టుకునే ఈ స్ట్రాప్ కొని చాలాకాలమైంది, మొదటి బెల్ట్ సాగిపోయి రెండోది కూడా వేశాను, కాబట్టి కొత్త మోజులో రాస్తున్నది కాదు.

వాచీలో కూడా గుండె వేగం వస్తుంది కదా, మళ్లీ ఇదెందుకు అని అందరూ అడుగుతారు. వస్తుంది. కానీ వాచీ చర్మం మీద ఆకుపచ్చ వెలుగు వేసి, కింద రక్తం కదలికను బట్టి లెక్క కడుతుంది. చెమట పట్టి, చెయ్యి ఊగి, పట్టీ కాస్త వదులైతే చాలు, గుండెను వదిలేసి అడుగులు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. పక్కవాడితో కబుర్లు చెబుతూ మెల్లగా పరిగెడుతున్నా 170 చూపిస్తుంది, అది నిమిషానికి వేసే అడుగుల సంఖ్య! స్ట్రాప్ గుండెలోని విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఆ గోల లేదు. సైకిల్ మీద వాచీతో పెద్ద ఇబ్బంది ఉండదు, పరుగులోనే తేడా.

మాది పాలకొల్లు వైపు. డెల్టాలో ఎత్తుపల్లాలు లేవు, చించినాడ వంతెన ఎక్కితే అదే మాకు కొండ. చదునుగా ఉంది కదా సులువు అనుకుంటారు గానీ, పల్లం లేకపోతే కాళ్లకి విశ్రాంతి కూడా లేదు, ఇంటికొచ్చేదాకా తొక్కుతూనే ఉండాలి, దానికి తోడు ఎదురుగాలి. చేపల చెరువుల మధ్య రోడ్డులో గాలిని ఆపేది ఏదీ ఉండదు. అలాంటప్పుడు గంటకి ఇన్ని కిలోమీటర్లు అని పట్టుబడితే తేలిగ్గా చేయాల్సిన రోజు కూడా పోటీ రోజైపోతుంది. స్ట్రాప్ అక్కడ డబ్బులకి న్యాయం చేసింది. గుండె వేగం నేను పెట్టుకున్న అంకె దాటితే గేరు దించడమే, వెనకవాడు దాటుకుని వెళ్లినా సరే.

ఉక్కపోత రోజుల్లో ఇంకా బాగా తెలుస్తుంది. ఏప్రిల్, మేలో ఒకే వేగంతో పరిగెడుతున్నా అరగంట దాటాక అంకె మెల్లగా పైకి పాకుతుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గి, చల్లబరచడానికి రక్తం చర్మం వైపు వెళ్లి, గుండె ఆ మేరకు ఎక్కువసార్లు కొట్టుకోవాలి. ఆ రోజు వేగం తగ్గించాలి, అంతే. కొబ్బరి బొండం తాగితే సరిపోతుందని మన దగ్గర గట్టి నమ్మకం. బొండంలో పొటాషియం దండిగా ఉంటుంది, కానీ చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. ఉప్పేసిన మజ్జిగ నాకు దానికంటే బాగా పనిచేసింది. బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి తాగండి.

గుండె గరిష్ఠ వేగం ఇదేనని 220లోంచి వయసు తీసేసి వచ్చిన అంకెను పట్టుకోకండి. అది సగటు మాత్రమే, మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ మామూలే. ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగే దగ్గర స్ట్రాప్ ఎంత చూపిస్తుందో కొన్ని రోజులు గమనించి, తేలిక రోజుల్లో దాటకూడని గీత అదే అనుకోండి. సైకిల్ గీత పరుగు గీత కంటే సాధారణంగా కాస్త కిందే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ వస్తువు చూపించని దెబ్బే మనలాంటి వాళ్లకి ఎక్కువగా తగులుతుంది. సైకిల్ తొక్కి తొక్కి గుండె గట్టిపడినవాడు పరుగు మొదలుపెడితే స్ట్రాప్ మీద అంకె హాయిగా ఉంటుంది. ఇంకా ఉంది కదా సత్తా అని దూరం పెంచుకుంటూ పోతాడు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో దారికొస్తాయి, ఎముకలకీ, కండరాల్ని వాటికి కట్టి ఉంచే టెండన్లకీ నెలలు కావాలి. సైకిల్ మీద కాళ్లకి అదురు లేదు, ఈతలో అసలే లేదు, ఆ అదురంతా పరుగులోనే. మా బ్యాచ్‌లో మోకాలి కింద ముందు ఎముక నొప్పి తెచ్చుకున్నవాళ్లంతా మంచి సైక్లిస్టులే, ఒక్కడికీ ఆయాసం లేదు. అందుకే సైకిల్‌ని స్ట్రాప్ చూసి పెంచుతాను, పరుగుని మాత్రం పొద్దున లేచి మంచం దిగేటప్పుడు మడమా పిక్కా ఏమంటున్నాయో చూసి. వరసగా రెండు రోజులు పరుగు పెట్టుకోను. కాస్త కదిలాక తగ్గిపోయే పట్టేయడం వేరు, ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే జివ్వుమనే నొప్పి వేరు. రెండోది వస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, అప్పుడు స్ట్రాప్ ఎంత చూపించినా అనవసరం.

ఇంకోటి, మన రోడ్లు అంచులకి వాలుగా ఉంటాయి. ఎదురొచ్చే బళ్లు కనబడాలని ఎప్పుడూ కుడి అంచునే పరిగెడితే కుడికాలు రోజూ పల్లంలోనే పడుతుంది. బళ్లు తిరగని గట్టు దొరికితే వెళ్లిన అంచు మీదే వెనక్కి రండి, అప్పుడు పల్లం ఎడమకాలి వంతవుతుంది.

ఈతకి నా స్ట్రాప్ పనికిరాదు. రేడియో సంకేతం నీళ్లలో పోదు, లోపలే దాచుకుని బయటికొచ్చాక వాచీకి పంపే రకాలున్నాయి గానీ, గోడని తన్నినప్పుడల్లా బెల్ట్ జారే బాధ వాటికీ ఉంటుంది.

డిసెంబరు పొద్దుల్లో చెమట పట్టేదాకా పిచ్చి అంకెలొస్తాయి, కట్టుకునే ముందు లోపలి వైపు తడిపితే చాలు. ఒరుసుకుంటుందని ఒంటికి కొబ్బరినూనె రాస్తే ఆ తడిపిన భాగం తాకే చోట రాయొద్దు, సంకేతం అందదు. అయ్యాక సంకేతాన్ని వాచీకి పంపే బిళ్లని బెల్ట్ నుంచి ఊడదీసి, బెల్ట్‌ని మంచినీళ్లలో జాడించి నీడన ఆరేయాలి. తడి బెల్ట్‌కే వదిలేస్తే ఇంకా కట్టుకునే ఉన్నామనుకుని పనిచేస్తూ బ్యాటరీ తినేస్తుంది. ముందు పాడయ్యేది బెల్టే, బిళ్ల కాదు. కొనేముందు ఆ కంపెనీ బెల్ట్ విడిగా దొరుకుతుందో లేదో, ఎంతో చూసుకోండి, కొన్నిటికి బెల్ట్ రేటు మొత్తం సెట్టు రేటుకి దగ్గర్లో ఉంటోంది.