లీడర్ల గోల్ ప్లానర్: రెండేళ్లు వాడాక, ఆ మూడో గడి గురించి

పేజీలెన్ని, కాగితం ఎట్లా ఉంది అన్నవి కొనేచోటే తెలుస్తాయి, వాటి జోలికి పోను. పరకాల దగ్గర ఓ ఊళ్లో గ్రామైక్య సంఘం అధ్యక్షురాలిని నేను. హన్మకొండ చౌరస్తాలో కొన్న ఈ తొంభై రోజుల ప్లానర్లు రెండేళ్లుగా వాడుతున్నా, ఇప్పుడు ఏడోది నడుస్తోంది. నా బాధంతా అందులో ఒక్క గడి గురించే.

ప్రతి లక్ష్యం కింద, లక్ష్యాలు రాసుకునే స్మార్ట్ (SMART) పద్ధతి ప్రకారం, ఒక్కో అక్షరానికి ఒకటి చొప్పున ఐదు గడులుంటాయి. మూడోది, అంటే 'ఏ' అక్షరానిది, 'ఇది సాధించగలిగేదేనా?' అని అడుగుతుంది. పోయిన యాసంగిలో మా సంఘం నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం (ఐకేపీ సెంటర్) కోసం 'రోజుకు 800 బస్తాల కాంటా' అని లక్ష్యం రాసుకుని, ఆ గడిలో 'అవును' అని పెట్టా. నిజంగానే అయింది. పదకొండో రోజు 820 బస్తాలు తూకమయ్యాయి, లారీ మాత్రం రాలేదు. రాత్రి ఇంట్లో కూర్చుని 820 అని రాసి టిక్ పెడుతుంటే గాలివాన మొదలైంది.

రైతులు తమ కుప్పల మీద పరదాలు కప్పుకున్నారు. కాంటా అయిన బస్తాలు సంఘానివి కదా అని వాటిని ముట్టలేదు. కమిటీ వాళ్లు హమాలీలు చూసుకుంటారనుకున్నారు, హమాలీలు అప్పటికే ఇళ్లకు పోయారు. సంఘం పరదాలన్నీ గదిలో ఉన్నాయి, ఆ గది తాళం చెవి నా కొంగుకు ముడేసి ఉంది. వానలో పరుగెత్తి వెళ్లేసరికి కింది వరుస బస్తాలు నీళ్లలో ఉన్నాయి. పొద్దున మిషన్ పెడితే తేమ 21 శాతం చూపించింది, తీసుకునేది 17 వరకే. మూడు రోజులు బస్తాలు విప్పి రోడ్డు మీద ఆరబోశాం. ఒక పెద్దాయన నన్ను తిట్టలేదు, "నీ లెక్కల నా వడ్లు అయిపోయినయి బిడ్డా, నాకింకా అయిపోలే" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నిద్ర పట్టదు.

మా అబ్బాయి కాకతీయ యూనివర్సిటీలో ఎంబీఏ చదువుతున్నాడు. వాడు చెప్పాడు, 1981లో జార్జ్ డోరన్ ఈ ఐదక్షరాల పద్ధతి రాసినప్పుడు 'ఏ' అంటే 'అసైనబుల్' అట, అంటే పని ఎవరు చేస్తారో తేల్చడం. తర్వాత అది చాలాచోట్ల 'అచీవబుల్', అంటే సాధించగలిగేది, అయిపోయింది. ప్రతి లక్ష్యానికీ అంకె పెట్టి తీరాలని కూడా ఆయన అనలేదట. నాకు నిజంగా కోపమొచ్చింది. మా లాంటి వాళ్లకు కావలసిన ప్రశ్న అదే కదా, దాన్నే తీసేస్తే ఎట్లా?

అప్పటినుంచి ఆ ప్రశ్న కొట్టేసి 'ఎవరు?' అని నేనే రాసుకుంటున్నా. పేరు రాయాల్సి వచ్చేసరికి తెలిసింది, సగం గడుల్లో నా పేరే ఉంది. ఇప్పుడు వాన వస్తే పరదాలు కప్పే పని ఇద్దరు కమిటీ సభ్యులది, తాళం చెవులు ఇప్పుడు మూడు. ఈ వానాకాలం రెండుసార్లు చినుకులు పడితే నేను వెళ్లేలోపే కప్పేశారు. ఒకసారి నేను ఊళ్లోనే లేను.

ఆదివారం నింపే 'వెనక్కి చూసుకో' పేజీ చాలా బాగుందని మండల సమాఖ్య మీటింగులో చెప్పి ఐదుగురితో కొనిపించా. బాగుందన్నమాట నిజమే, కానీ సీజన్ ఆరు వారాల్లో నేను నింపినవి రెండే. ఆ ఐదుగురిలో ఇంకా రాస్తున్నది ఒకరే.

నాకైతే మళ్లీ కొనాలనే ఉంది. మా పిల్లలు పెద్దవాళ్లయ్యారు, రాత్రి అరగంట దొరుకుతుంది, రాయడం మొదటినుంచీ అలవాటే. చిన్న పిల్లలున్న ఆడవాళ్లకు, సీజన్‌లో అన్నం తినడానికే టైం లేనివాళ్లకు ఇంత పుస్తకం బరువే అవుతుందేమో, వాళ్లు ముందు ఒక మామూలు నోట్‌బుక్‌లో పని, పక్కన పేరు రాసి ఓ నెల చూడండి.