రాయి బాగుంది, చెక్కుడు బాగుంది, పేరే వేరేవాళ్ళది

షాంఘైలో నాతో పనిచేసే స్నేహితుడు కొత్త ఇంట్లోకి మారుతుంటే ఏదైనా ఇద్దామని, రాతి మీద పేరు ముద్ర చెక్కి పంపే ఒక ఆన్‌లైన్ షాపులో ఆర్డర్ పెట్టాను. షాపు పేరు రాయట్లేదు, తప్పు సగం నాది కూడా కాబట్టి. 260 యువాన్లు, ఎనిమిది రోజుల్లో వచ్చేసింది. స్నేహితుడి పేరు జాంగ్ వే. అయ్యో, పేరు బయటపెట్టేశాడే అనుకోకండి, చైనాలో ఆ పేరున్నవాళ్ళు దాదాపు 3 లక్షల మంది, అందులో మావాడెవడో మీరు జన్మలో కనుక్కోలేరు.

ముందు మంచి చెప్తాను. రాయి జెజియాంగ్ ప్రావిన్స్‌లో దొరికే చింగ్‌తియెన్ రాయి, లేత ఆకుపచ్చ, బొటనవేలంత లావు, చేతిలో పెట్టుకుంటే సబ్బుబిళ్ళంత నున్నగా ఉంది. అక్షరాలు పాతకాలపు ముద్రల లిపిలో, రాతి మీద అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కారు. అక్షరాలు లోపలికి తవ్వారు కాబట్టి కాగితం మీద చుట్టూ ఎరుపు, మధ్యలో అక్షరం తెల్లగా పడుతుంది. పక్కనే చిన్న పింగాణీ డబ్బాలో ఎర్ర సిరా ముద్ద, ఇంగిలీకం పొడి, నూనె, నార కలిపి చేసేది, అది కూడా ఇచ్చారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ గుర్తు చూసే ఉంటారు, ఎర్ర ముద్ర మీద మనిషి పరిగెడుతున్నట్టు ఉంటుంది చూడండి, నిజానికి అది బీజింగ్‌లోని 'జింగ్' అనే అక్షరం, రాజధాని అని అర్థం. ఆ గుర్తు ఈ ముద్రల బాణీలో చేసిందే. సరే, పనితనానికి వంక పెట్టలేం.

వంకంతా పేరు దగ్గరే. ఆర్డర్ ఫారంలో పేరుకి ఒకే ఒక్క గడి ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో రాయమన్నారు, రాశాను. ఏ జాంగ్, ఏ వే అని ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు. నాలుగేళ్ళుగా చైనాలో ఉంటున్నాను, నోటితో మాట్లాడటం వచ్చు, రాయడం దగ్గర మాత్రం నేను సున్నా.

భోజనాల తర్వాత వాడు దాన్ని సిరాలో అద్ది పేపర్ నాప్‌కిన్ మీద నొక్కాడు. ఎత్తి చూశాడు. ఇంకోసారి చూశాడు. "ఎవరీ అమ్మాయి?" అన్నాడు.

విషయం ఏంటంటే వీళ్ళు పేరు చెప్పుకునేటప్పుడు అక్షరాన్ని ముక్కలు చేసి చెప్తారు, ఎందుకంటే ఒట్టి శబ్దం చెబితే ఎవరికీ ఏమీ తెలియదు. లీ అయితే "చెట్టు, బిడ్డ, లీ", చెన్ అయితే "చెవి, తూర్పు, చెన్", వూ అయితే "నోరు, ఆకాశం, వూ". మావాడు "విల్లు, పొడుగు, జాంగ్". నేనిచ్చిన ముద్రలో ఉన్నది "నిలబడు, పెందలాడే, జాంగ్". రెండూ ఇంటిపేర్లే, పలికే తీరు కూడా అచ్చంగా ఒకటే, స్వరంలో, అంటే గొంతు ఎత్తి దించే తీరులో, పిసరంత తేడా లేదు, చెవికి దొరికే అవకాశమే లేదు. విల్లు జాంగ్‌కి సాగదీయడం, పరచడం అని అర్థం, కాగితాల్నీ బల్లల్నీ లెక్కపెట్టేటప్పుడు కూడా అదే వాడతారు. రెండో జాంగ్‌కి పుస్తకంలో అధ్యాయం అని ఒక అర్థం. ఇంకో అర్థం, నవ్వకండి, ముద్ర. అంటే నేను ముద్ర మీద 'ముద్ర' అని చెక్కించి ఇచ్చాను.

వే సంగతి ఇంకా ఘోరం. మాండరిన్‌లో, అంటే వీళ్ళు మాట్లాడే చైనీస్‌లో, స్వరాలు నాలుగు, స్వరం మారితే అర్థమే మారిపోతుంది. ఆ నాలుగింటిలోనూ వే ఉంది, ఒక్కో స్వరంలో ఒక్కటి కూడా కాదు. మావాడిది మూడో స్వరం, 'గొప్ప' అని. రెండో స్వరంలో నిలబెట్టడం, కట్టి ఉంచడం. నాలుగో స్వరంలో కాపలా, అదే స్వరంలో వే అనే ఇంటిపేరు, మూడు రాజ్యాల కాలం నాటి వే రాజ్యం పేరు. షాపువాళ్ళు మొదటి స్వరం తీసుకున్నారు, అందులోనూ గడ్డి తలకట్టుతో రాసే, గులాబీ జాతి పువ్వు మాటలో వచ్చే, ఎక్కువగా ఆడపిల్లలకి పెట్టే అక్షరాన్ని. పైగా "మీ పేరుకు అర్థం" అని రంగుల కాగితం ఒకటి పెట్టారు, దాని మీద 'గులాబీ అధ్యాయం' అని ఉంది. ఇంటిపేరుకి అర్థం తీసి రెండో పేరుతో అతికించడం చైనావాళ్ళెవరూ చేయరు, ఇంటిపేరు ఇంటిపేరే. బయటివాళ్ళని మురిపించడానికి పెట్టిన ముచ్చట ఆ కాగితం.

షాపుకి రాస్తే "శబ్దం సరిగ్గానే ఉంది కదా" అన్నారు. ప్రత్యేకంగా చేయించిన వస్తువు వాపసు తీసుకోరట, 20 యువాన్ల కూపన్ ఇచ్చారు. దేనికది? ఇంకో అమ్మాయిని చెక్కించుకోడానికా?

కాబట్టి పనితనానికి నాలుగు నక్షత్రాలు, పేరు పనికి ఒకటి, అది కూడా త్వరగా పంపినందుకు. మీరు ఇలాంటి చోట కొనేటట్టయితే అవతలి మనిషి విజిటింగ్ కార్డు ఫోటో తీసి పంపండి, ఫోటో తీసుకోని షాపు అయితే వదిలేయండి.

చివరికి మేమిద్దరం ఒక ముసలాయన కొట్టుకి వెళ్ళాం. ఆయన రాయి ముట్టుకోకముందే "ఏ జాంగ్?" అన్నాడు. మావాడు అరచేతిలో వేలితో రాసి చూపించాడు. అప్పుడు గరుకు కాగితం బల్ల మీద పరిచి, నీళ్ళు చల్లి, నా గులాబీని గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో తెల్లటి బురద అయిపోయింది. కొత్త పేరు చెక్కినందుకు 80 యువాన్లు తీసుకున్నాడు, రాయి ఓ రెండు మిల్లీమీటర్లు పొట్టిదైంది. ఆ నాప్‌కిన్ మాత్రం మావాడు పారేయలేదు, వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద అతికించి ఉంది.