వాల్వ్ టెర్మినల్‌కు అడ్రస్: ప్రొఫిబస్ స్విచ్చా, ప్రొఫినెట్ పేరా?

వాల్వ్ టెర్మినల్ అంటే మెషిన్‌లోని సిలిండర్లకు గాలి పంపే వాల్వ్‌ల గుంపు. దాన్ని కంట్రోలర్‌కు, అంటే మెషిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, కలిపే నెట్‌వర్క్‌లే ప్రొఫిబస్, ప్రొఫినెట్. ప్రొఫిబస్ డీపీ రకంలో చాలా వాల్వ్ టెర్మినళ్ల అడ్రస్ కంటికి కనిపిస్తుంది. మూత తీసి డిప్ స్విచ్‌లు (వరుసగా ఉండే బుల్లి స్విచ్‌లు) సర్దడమే: 1, 4, 16 విలువలవి ఆన్ చేస్తే, మొత్తం కలిపి అడ్రస్ 21. ల్యాప్‌టాప్ అక్కర్లేదు. రాత్రి షిఫ్టులో టెర్మినల్ పోతే ఎలక్ట్రీషియన్ పాతదాని స్విచ్‌లు చూసి కొత్తదానికీ అలాగే పెట్టేస్తాడు. కాకపోతే సాధారణంగా పవర్ తీసి మళ్లీ ఇస్తేగానీ కొత్త అడ్రస్ అమల్లోకి రాదు. అది మరిచిపోయి గంటసేపు కేబుల్‌ని అనుమానించినవాళ్లలో నేనూ ఉన్నాను. కేబుల్‌కూ పట్టింపులున్నాయి: టర్మినేషన్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే రెసిస్టర్లు) సెగ్మెంట్‌కు, అంటే ఒక కేబుల్ భాగానికి, రెండు చివర్లా ఉండాలి, మధ్యలో ఉండకూడదు. 12 ఎంబీపీఎస్ వేగంలో సెగ్మెంట్ 100 మీటర్లు దాటకూడదు.

ప్రొఫినెట్‌లో నంబర్ బదులు పేరు. కంట్రోలర్ ప్రాజెక్టులో (దాని ప్రోగ్రామ్, సెట్టింగుల ఫైల్లో) ఉన్న పేరే, అక్షరం తేడా లేకుండా, టెర్మినల్‌కు రాయాలి. దాన్ని బట్టి కంట్రోలరే ఐపీ అడ్రస్ ఇస్తుంది. ఏ పోర్టుకు ఏది కలిసిందో ప్రాజెక్టులో ముందే చూపిస్తే, మార్చిన టెర్మినల్‌కు పేరు కూడా కంట్రోలరే పెట్టగలదు. కొత్త లైన్‌కైతే నా ఓటు దీనికే. ఒక్క చిక్కు: స్టోర్ నుంచి తెచ్చింది వేరే మెషిన్‌లో వాడినదైతే పాత పేరుతో మొండికేస్తుంది. ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి.

వాల్వ్ బిట్ల (కంట్రోలర్ పంపే ఆన్/ఆఫ్ సంకేతాల) తలనొప్పి మాత్రం రెండింటిలోనూ ఒకటే. రెండు కాయిల్స్ (వాల్వ్‌ను కదిలించే విద్యుత్ చుట్టలు) ఉన్న వాల్వ్‌కు రెండు బిట్లు. కొన్ని టెర్మినళ్లలో ఒక కాయిల్ వాల్వ్ కూర్చున్న చోటు కూడా రెండు బిట్లు తినేస్తుంది. ఆ లెక్క తప్పితే ఒక సిలిండర్‌ను కదిలించబోతే పక్కది కదులుతుంది. అందుకే మొదటిసారి గాలి ఆపేసి, వాల్వ్ ఎల్ఈడీలు చూస్తూ ఒక్కో బిట్ ఆన్ చేస్తాం.