తొమ్మిదేళ్ళుగా వాడుతున్న లెగ్ వైస్: ధరలో ఇనుమెంత, కథ ఎంత

2016లో బెంగళూరు కలాసిపాళ్యం వైపు ఒక గుజరీ షాపులో ఈ లెగ్ వైస్ కొన్నాను. ఇనుమును దవడల మధ్య బిగించి పట్టే, నేలదాకా కాలున్న పనిముట్టు ఇది. బరువు 41 కిలోలు, దవడ వెడల్పు ఐదంగుళాలు. షాపతను పద్నాలుగు వేలు చెప్పాడు, ఎనిమిదిన్నర వేలకు తెగింది. అప్పుడు పాత ఇనుము కిలో ఇరవై, ముప్పై మధ్య ఉండేది. తుక్కు లెక్కన చూస్తే దీని విలువ వెయ్యి చిల్లర. మిగతా ఏడు వేలు దేనికి ఇచ్చానో తేల్చుకోడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

వారమంతా బెంగళూరు పీణ్యలో, పనిముట్లు తయారుచేసే టూల్‌రూమ్‌లో ఉద్యోగం. ఆదివారాలు మాత్రం షెడ్డులో కొలిమి వెలిగించి కత్తులు, కొడవళ్ళు, కత్తిపీటలు చేస్తాను. హిందూపురం దగ్గర మా తాతకు వైసు లేదు. పట్టుకారు, దాగలి, పక్కన సమ్మెట వేసే మనిషి, అంతే. నాకు ఆ మనిషి లేడు కాబట్టి వైసు కావాల్సి వచ్చింది. మామూలు బెంచ్ వైసు పోత ఇనుముది. అందులో బిగించి ఎర్రటి ఇనుమును వంచుతూ కొడితే ఏదో ఒకరోజు దవడ చిట్లుతుంది. లెగ్ వైసు కాల్చి సాగగొట్టినది. దెబ్బ బల్ల మీద పడదు, కాలు గుండా నేలలోకి దిగిపోతుంది.

ఇక కథ. "కేజీఎఫ్ మాల్ అన్నా, ఇంగ్లండుది, నలభై ఏడుకి ముందుది" అన్నాడు షాపతను. పక్కన 47 అని పంచ్ కొట్టి ఉంది, అదే అతని రుజువు. కేజీఎఫ్ అంటే కోలారు బంగారు గనులు. వాటిని ఇంగ్లండుకు చెందిన జాన్ టేలర్ కంపెనీ చాలాకాలం నడిపింది, 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడ్డాయి. అక్కడి సామాను బెంగళూరు తుక్కు షాపులకు వచ్చిందంటే నమ్మేలాగే ఉంటుంది. అందుకే ఇక్కడ ప్రతి పాత పనిముట్టూ కేజీఎఫ్‌దే అయిపోతుంది! 47 సంవత్సరం కాదు. బరువూ కాదు. 47 పౌండ్లంటే 21 కిలోలే. పాత ఇంగ్లిష్ పద్ధతిలో బరువును మూడు అంకెలుగా కొట్టేవారు: మొదటిది 112 పౌండ్ల లెక్క, రెండోది 28, మూడోది విడి పౌండ్లు. ఆ లెక్కన 41 కిలోలకు సుమారు 0 3 6 ఉండాలి. నా అంచనాకు 47 ఏదో వర్క్‌షాపు స్టోరు నంబరు. ఏ వర్క్‌షాపో అది చెప్పదు.

ఇంటికి తెచ్చి కిరసనాయిలు, వైరు బ్రష్షుతో రుద్దితే స్క్రూ బాక్సు (స్క్రూ తిరిగే గొట్టం) మీద 'లిడ్ బాక్స్' అన్నంత వరకు అక్షరాలు బయటపడ్డాయి. అంటే సాలిడ్ బాక్స్, ఒకే ముక్కగా చేసిన బాక్సు. ఇంగ్లండులో డడ్లీకి చెందిన పీటర్ రైట్ తన పేటెంటు వైసులకు ఆ మాట వేసేవాడు. అది చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత తెలిసింది, ఆ రెండు మాటలు వేరేవాళ్ళ వైసుల మీదా ఉంటాయని. చేసినవాళ్ళ పేరున్న చోట తుప్పు తినేసింది. కాబట్టి ఇంగ్లండుది అని మాత్రమే అనుకుంటున్నాను. 'ఇంగ్లండ్' అన్న ముద్ర లేకపోతే 1891కి ముందుదని కొందరు లెక్క కడతారు. ఆ సూత్రం అమెరికా 1890లో దిగుమతులపై చేసిన చట్టం నుంచి వచ్చింది. మైసూరు రాజ్యానికి దిగిన సరుకుకు అది పనికిరాదు.

నిజానికి నేను డబ్బు ఇవ్వాల్సింది స్క్రూకి, బాక్సుకి. కొత్తగా చేయించాలంటే వైసు ధరంత అవుతుంది. గ్రీజు తుడిచి మరచుట్లు చూడండి. ఒక్కో చుట్టు తల బల్లపరుపుగా ఉంటే మంచిది. కత్తి అంచులా సన్నబడితే అరిగిపోయినట్టే. వైసు బాగా తెరిచినప్పుడు బిగువుగా ఉండి, మూసే దగ్గర లొడలొడలాడితే అరుగుదల అక్కడే ఉంది, ఎందుకంటే రోజువారీ పనంతా ఆ రెండంగుళాల్లోనే జరుగుతుంది. బాక్సులో టార్చి వేసి చూస్తే కొన్ని పాతవాటిలో మరచుట్ల వెంట ఇత్తడి గీత కనబడుతుంది. అది విడిగా చేసి అతికించిన చుట్టు. నా దాంట్లో ఆ గీత లేదు. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా స్క్రూలో వదులు పెరగలేదు. ఈ వైసుకు నా పూర్తి మార్కులు దీనికే.

మోసపోయింది కాలి దగ్గర. కొత్తగా వేసిన నల్ల పెయింటు కింద, ఎవరో కాలును నాలుగంగుళాలు కోసి రాడ్డు ముక్క వెల్డింగ్ చేశారు. నేను పైన దవడలు చూస్తూ కూర్చున్నాను, కింద చూడలేదు. టూల్‌రూమ్‌లో పనిచేసేవాణ్ణి, సిగ్గుచేటు. నెల తిరక్కుండానే ఆ ముక్క ఊడి పడింది. మూడడుగుల గొయ్యి తీసి తుమ్మమొద్దు పాతి, దాని మీద మందపు ఇనుప ప్లేటు పెట్టి, కాలును దాని మీద నిలబెట్టాను. ఇప్పుడు కదలదు. పెయింటు వేసిన పాత వైసును గీకనివ్వకపోతే కొనొద్దు.

ఇంకో చిరాకు అన్ని లెగ్ వైసులకూ ఉన్నదే. కింద ఒక బోల్టు మీద తిరుగుతుంది కాబట్టి దవడలు ఒక్క దూరంలోనే సమాంతరంగా ఉంటాయి. సన్న రేకును ఆకురాయితో రాయాలంటే నాకు ఇప్పటికీ బెంచ్ వైసే కావాలి. గ్రీజుకు ఇనుప పొట్టు అంటుకుని స్క్రూను తినేస్తుంది, అందుకే పొడి గ్రాఫైటు వాడుతున్నాను.

ఇదే వైసు, ఇలా కాలు తెగినది, నేడు దొరికితే ఆరు వేలు ఇస్తాను. కాలు పూర్తిగా ఉంటే పన్నెండు వేలకైనా బేరం లేకుండా ఎత్తుకొస్తాను. కేజీఎఫ్ అన్న మాటకు మాత్రం ఒక్క రూపాయి కూడా కలపను.

దవడలను తెరిచే పాత స్ప్రింగు 2019లో విరిగింది. లారీ కమాన్ పట్టీ ముక్కతో కొత్తది చేసుకున్నాను. దాని మీద నేనే పంచ్ కొట్టాను, నాలుగు అంకెలూ పూర్తిగా: 2019.