"తీసేశావా?" నుంచి "అయిపోయిందా?" దాకా: అమెజాన్ క్లౌడ్ 'టీమ్' టూల్‌తో రెండేళ్లు

క్లౌడ్‌లో యాక్సెస్ ఇవ్వడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. వెనక్కి తీసుకోవడం దగ్గరే చాలా బాధపడ్డాను.

హైదరాబాద్‌లో ఒక మాదిరి కంపెనీలో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అకౌంట్లు చూసుకునే పని నాది. కొన్నేళ్లపాటు ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడే అసలు సిస్టమ్‌లోకి, ఎవరు వెళ్లాలన్నా నా ద్వారానే వెళ్లేవాళ్లు. రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చేది. "అక్కా, ప్రొడక్షన్‌లో ఒకటి చూడాలి, ఒక్క గంట యాక్సెస్ ఇస్తావా?" పడుకున్నదాన్ని లేచి, ల్యాప్‌టాప్ తెరిచి ఇచ్చేదాన్ని. గంట తర్వాత తీసేయాలి అనుకుంటూనే నిద్రపోయేదాన్ని. పొద్దున్న లేస్తే ఇంకో పని. అలా ఆ ఒక్క గంట మూడు నెలలయ్యేది.

మరచిపోవడం ఒక్కటే సమస్య అయితే రిమైండర్ పెట్టుకుంటే తీరిపోయేది. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఇచ్చినదాన్ని తీసుకుంటే ఎదుటివాళ్లకు కష్టంగా ఉంటుంది. నాకంటే చాలా సీనియర్ ఒకాయనకి ఏదో పని కోసం అడ్మిన్ యాక్సెస్ ఇచ్చి, పని అయ్యాక తీసేశాను. మర్నాడు కాఫీ దగ్గర కలిసి, "తీసేశావా అమ్మా? మా మీద నమ్మకం లేదా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ ఆ మాట చాలా రోజులు నా మనసులో ఉండిపోయింది. ఆ తర్వాత సీనియర్ల యాక్సెస్ జోలికి వెళ్లడం మానేశాను. ఆడిట్ ముందు లెక్క తీస్తే ప్రొడక్షన్‌లో అడ్మిన్ హక్కులు ఇరవై మందికి పైగా ఉన్నాయి. రోజూ నిజంగా అవసరమయ్యేది నలుగురికి.

అప్పుడు పెట్టుకున్నదే టీమ్. పూర్తి పేరు టెంపరరీ ఎలివేటెడ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్. అమెజాన్ వాళ్లు 2023లో ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టారు, ఎవరు ఏ అకౌంట్‌లోకి వెళ్లొచ్చో చూసే ఐఏఎం ఐడెంటిటీ సెంటర్‌తో కలిసి పనిచేస్తుంది. ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, ఏ స్క్రీన్‌లో ఏముంటుంది అన్నవి డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి, వాటి జోలికి పోను. రెండేళ్లు వాడాక నాకు చెప్పాలనిపించేది ఒకే ఒక్క విషయం గురించి. ఇచ్చిన యాక్సెస్ తనంతట తాను పోవడం.

కావలసినవాళ్లు ఫామ్ నింపుతారు. ఏ అకౌంట్, ఏ పర్మిషన్ సెట్ (ఏమేం చేయొచ్చో చెప్పే హక్కుల కట్ట), ఎప్పటి నుంచి, ఎన్ని గంటలు, ఎందుకు, టికెట్ నంబర్ ఎంత. అప్రూవర్‌కి మెయిల్‌లోనో స్లాక్‌లోనో కబురు వస్తుంది. ఒప్పుకుంటే, చెప్పిన టైమ్‌కి ఆ మనిషికి ఆ అకౌంట్‌లో అసైన్‌మెంట్, అంటే ఆ హక్కుల కేటాయింపు, పడుతుంది. గడువు తీరగానే ఆ అసైన్‌మెంట్ పోతుంది. లోపల స్టెప్ ఫంక్షన్స్ అనే అమెజాన్ సర్వీసు గడియారం చూసుకుంటూ ఉంటుంది. నేను లేవక్కర్లేదు, గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

ఆ చివరిది ఎంత పెద్ద విషయమో వాడడం మొదలుపెట్టిన కొన్ని వారాలకి అర్థమైంది. కాఫీ దగ్గర నన్ను అడిగిన ఆ సీనియరే ఒకరోజు నా సీటు దగ్గరికి వచ్చి, "నా యాక్సెస్ అయిపోయిందా? మళ్లీ ఒక గంటకి రిక్వెస్ట్ పెట్టాను, చూడు" అన్నారు. గొంతులో ఏ కష్టమూ లేదు. తీసేశావా అనలేదు, అయిపోయిందా అన్నారు. తీసేయడానికి ఒక మనిషి ఉండాలి. అయిపోవడానికి టైమ్ ఉంటే చాలు. మా ఆఫీసులో ఆ మాట మారిన రోజు నుంచి నా పని సగం తేలికైంది. ఇరవై చిల్లర ఉన్న అడ్మిన్లని రెండు నెలల్లో నలుగురికి తెచ్చాం. ఒక్కరితో కూడా మాట పడలేదు.

ముందుగా టైమ్ పెట్టుకునే సౌకర్యం కూడా బాగా కలిసొచ్చింది. మా క్లయింట్ అమెరికాలో ఉంటారు, మెయింటెనెన్స్ అంతా మనకి శనివారం అర్ధరాత్రి దాటాక ఉంటుంది. శుక్రవారం సాయంత్రమే ఫలానా టైమ్ నుంచి మూడు గంటలు అని రిక్వెస్ట్ పెడితే నేను ఆఫీసులో ఉండగానే ఒప్పుకుని ఇంటికి వెళ్లిపోతాను. వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు.

కొత్తలో నేను దీన్ని ఎంత మెచ్చుకున్నానంటే, మా వాళ్లందరినీ కూర్చోబెట్టి ఒక మీటింగ్ పెట్టి, "గంట అంటే గంటే. ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఉండదు" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు సరిదిద్దుకోవాలి. ఈ సమీక్ష రాస్తున్నది కూడా ముఖ్యంగా అందుకే.

పోయినేడాది వరలక్ష్మీ వ్రతం రోజు. పూర్ణాలకి నానబెట్టిన పప్పు రుబ్బుకుందామని తెల్లవారుజామునే లేచాను. ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉందనగా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ప్రొడక్షన్ డేటాబేస్ అందట్లేదని అలర్ట్. చేతులు కడుక్కుని ల్యాప్‌టాప్ తెరిచేసరికి డేటాబేస్ దానంతట అదే లేచింది, అప్లికేషన్ కూడా కోలుకుంటోంది. నాలుగైదు నిమిషాలు ఆగినట్టుంది. క్లయింట్ వైపు సాయంత్రం, జనం వాడుకునే టైమ్.

ఎవరు ఏం చేశారో రాసి ఉంచే క్లౌడ్‌ట్రెయిల్ లాగ్ తెరిచి చూశాను. 5:41కి రీబూట్ డీబీ ఇన్‌స్టన్స్ అని, అంటే డేటాబేస్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టినట్టు, ఒక ఈవెంట్. లాగ్‌లో టైమ్ యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక, ఉంటుంది కాబట్టి అక్కడ 00:11 అని ఉంది. ముందు ఆ తేడాలో నేనేమైనా పొరబడ్డానేమో అని రెండుసార్లు లెక్క వేసుకున్నాను. సరిగ్గానే ఉంది. చేసిన మనిషి పేరు కూడా ఉంది. మా నైట్ షిఫ్ట్ అబ్బాయి.

వెంటనే టీమ్‌లో చూశాను. ముందురోజు రాత్రి 11:30కి గంట యాక్సెస్ తీసుకున్నాడు. నేనే ఒప్పుకున్నాను. 12:30కి ముగిసింది అని స్పష్టంగా ఉంది. ఐడెంటిటీ సెంటర్‌లో చూశాను, ఆ అకౌంట్‌లో అతని పేరు మీద అసైన్‌మెంట్ లేదు. అంటే అర్ధరాత్రి పోయిన యాక్సెస్‌తో తెల్లవారి డేటాబేస్ రీబూట్ అయింది. నాకు నిజంగా కాళ్లు చల్లబడ్డాయి. ఎవరైనా బయటివాళ్లు అతని పేరుతో దూరారేమో అని టెన్షన్. అతనికి ఫోన్ చేశాను.

"టెస్ట్ డేటాబేస్ రీబూట్ చేశానక్కా, ప్రొడక్షన్ కాదు" అన్నాడు. ఏ టెర్మినల్‌లో, అంటే ఏ కమాండ్ విండోలో, చేశావో చూడు అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత గొంతు మారిపోయింది. రాత్రి లాగిన్ పోర్టల్ నుంచి ప్రొడక్షన్ క్రెడెన్షియల్స్ (లోపలికి వెళ్లడానికి ఇచ్చే తాత్కాలిక కీలు) కాపీ చేసి ఒక టెర్మినల్‌లో పెట్టుకున్నాడు. పని అయ్యాక దాన్ని మూయలేదు. టెస్ట్‌కి ఇంకోటి తెరుచుకున్నాడు. తెల్లవారి నిద్రకళ్లతో పాతదాంట్లో కమాండ్ కొట్టాడు. రెండు చోట్లా డేటాబేస్ పేరు ఒకటే.

"గంటే కదక్కా తీసుకున్నాను. ఎప్పుడో అయిపోయి ఉంటుందనుకున్నాను" అన్నాడు.

ఆ మాట అతనికి నేర్పింది నేను. గంట అంటే గంటే అని చెప్పినప్పుడు ఆ మీటింగ్‌లో ముందు వరసలో కూర్చున్నాడు.

జరిగింది ఇది. టీమ్ తీసేసేది అసైన్‌మెంట్‌ని. అంటే ఆ తలుపు దగ్గరికి వెళ్లి కొత్తగా తాళం చెవి అడిగితే ఇవ్వరు. కానీ అప్పటికే చేతికి వచ్చిన చెవి, అంటే రోల్ సెషన్ క్రెడెన్షియల్స్, ఇచ్చేటప్పుడే ఎంతసేపు చెల్లుతాయో నిర్ణయమై వస్తాయి. అసైన్‌మెంట్ పోయినా ఆ గడువు దాకా అవి పనిచేస్తాయి. ఆ గడువు పర్మిషన్ సెట్‌లో ఉంటుంది. మామూలుగా 1 గంట, 12 గంటల దాకా పెంచుకోవచ్చు. మాది 8 గంటలు. టీమ్ రాకముందు, గంటగంటకీ మళ్లీ లాగిన్ అవ్వాల్సి వస్తోందని డెవలపర్లు గోలపెడితే పెంచింది నేనే. తర్వాత అదే పర్మిషన్ సెట్‌ని టీమ్‌లోకి తెచ్చాను. ఆ అబ్బాయి 11:40కి క్రెడెన్షియల్స్ తీసుకున్నాడు. అవి 7:40 దాకా బతికే ఉన్నాయి.

ఇది దాచిన విషయమేమీ కాదు. అడిగిన గంటలకి పర్మిషన్ సెట్ సెషన్ గంటలు కలిపితేనే అసలు యాక్సెస్ ఎంతసేపో తెలుస్తుందని టీమ్ డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. మొదట్లో ఆ పేజీ చదివాను కూడా. మా 8 గంటలకీ దానికీ ముడిపెట్టి ఆలోచించలేదు. చివరి నిమిషంలో క్రెడెన్షియల్స్ తీసుకుంటే ఒక గంట రిక్వెస్ట్ దాదాపు తొమ్మిది గంటలవుతుంది. ఏడాదిపాటు మా యాక్సెస్‌లన్నీ అలాగే నడిచాయి. ఆడిట్‌కి మేం ఇచ్చిన రిపోర్టులన్నిట్లోనూ ముగిసిన టైమ్ అని ఉన్నది నిజానికి ముగిసిన టైమ్ కాదు. డేటాబేస్ ఆగినదానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది.

ఆ సాయంత్రం పూజ అయ్యాక కూర్చుని తాత్కాలిక యాక్సెస్ కోసం విడిగా పర్మిషన్ సెట్లు చేశాను. సెషన్ 1 గంటకి మించదు, అంతకంటే తక్కువ పెట్టడానికి వీల్లేదు. ఇప్పుడు గంట అడిగితే ఎంత లేదన్నా రెండు గంటల లోపు అంతా ముగుస్తుంది. రోజువారీ పనులకి పాత 8 గంటలవి అలాగే ఉంచాను, వాటిల్లో చదవడానికి తప్ప మార్చడానికి హక్కుల్లేవు. నిజంగా అప్పటికప్పుడు ఆపాల్సి వస్తే అకౌంట్ల మీద పైనుంచి పెట్టే సర్వీస్ కంట్రోల్ పాలసీలో ఆ మనిషి యూజర్ ఐడీకి డినై (నిషేధం) పెట్టే పద్ధతి ఒకటి రాసుకుని, నా మీదే ఒకసారి ప్రయోగించి చూశాను. పనిచేసింది. అది టీమ్‌లో ఒక బటన్‌గా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. టీమ్‌లో మధ్యలో రద్దు చేసే వీలు ఉంది కానీ అది కూడా అసైన్‌మెంట్‌నే తీసేస్తుంది, చేతిలో ఉన్న చెవిని కాదు.

మళ్లీ మీటింగ్ పెట్టాను. నేను చెప్పింది తప్పని చెప్పాను. ఆ అబ్బాయి పేరు ఎక్కడా ఎత్తలేదు. పని అయ్యాక టెర్మినల్ మూయమన్నాను, డేటాబేస్ పేర్ల ముందు టెస్ట్, ప్రొడ్ అని పెట్టించాను.

అప్రూవర్ల సంగతి ఇంకోటి. ఎవరి రిక్వెస్ట్ వాళ్లే ఒప్పుకోవడం కుదరదు. మంచిదే. కానీ సంక్రాంతికి మా అప్రూవర్లు ముగ్గురిలో ఒకరు భీమవరం బస్సులో, ఒకరు ఊళ్లో సిగ్నల్ లేని చోట, మూడోది నేను, ఆ రోజు ఆన్‌కాల్‌లో (ఏదైనా ఆగితే చూసే వంతులో) ఉన్నదీ నేనే. నా రిక్వెస్ట్ నలభై నిమిషాలు అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ఆన్‌కాల్ గ్రూప్‌కి అప్రూవల్ అక్కర్లేకుండా పెట్టాం. టికెట్ నంబర్ మాత్రం తప్పనిసరి, మర్నాడు ఎవరో ఒకరు చదవాలి. అప్రూవల్ ఉన్నవాటిలోనూ కారణం అని ఉన్న చోట "ఇష్యూ" అని ఒక్క మాట రాసేవాళ్లున్నారు. అలాంటివి తిప్పి పంపుతాను. సరిగ్గా రాసిన కారణాలు పోగయ్యాక ఒక మంచి పని జరిగింది. ఒకే రకం లాగ్ చూడ్డానికి వారంవారం అడుగుతున్నారని కనిపించి, ఆ చదివే హక్కు వాళ్లకి శాశ్వతంగా ఇచ్చేశాం. రిక్వెస్ట్‌లు బాగా తగ్గాయి.

మీరు పెట్టుకోవాలా అంటే, నా పరిస్థితి చూసి ఆలోచించండి. మా దగ్గర అకౌంట్లు ముప్పైకి పైనే, ఐడెంటిటీ సెంటర్ ముందు నుంచీ ఉంది, టీమ్ నడిచే లాంబ్డా, యాంప్లిఫై లాంటి అమెజాన్ సర్వీసులు తెలిసినవాళ్లు ఇద్దరున్నారు. టీమ్‌కి డబ్బు కట్టక్కర్లేదు గానీ అది వాడే సర్వీసుల బిల్లు వస్తుంది. ముఖ్యంగా ఇది నమూనా కోడ్, కొనుక్కున్న ప్రొడక్ట్ కాదు. అప్‌డేట్ చేసుకోవడం, విరిగితే బాగుచేసుకోవడం మన పనే. మూడు అకౌంట్లు, పదిమంది ఉన్న చోట దీని బరువు ఎక్కువనిపించవచ్చు. ఆజూర్‌లో ఉన్నవాళ్లకి ప్రివిలేజ్డ్ ఐడెంటిటీ మేనేజ్‌మెంట్, గూగుల్ క్లౌడ్ వాళ్లకి ప్రివిలేజ్డ్ యాక్సెస్ మేనేజర్ ఉన్నాయి, అవి నేను రోజూ వాడినవి కావు కాబట్టి పోల్చలేను. ఏది పెట్టుకున్నా గడువు తీరాక చేతిలో ఉన్న క్రెడెన్షియల్ ఎంతసేపు పనిచేస్తుందో మీరే ఒక టెర్మినల్ తెరిచి, గడియారం పెట్టుకుని చూడండి. అక్కడ స్క్రీన్ చెప్పేదాన్ని నమ్మకండి.

మేం మాత్రం టీమ్‌ని తీసేసే ఆలోచనలో లేం. మిగతా అకౌంట్లన్నిటికీ పైన ఉండే మేనేజ్‌మెంట్ అకౌంట్ ఒక్కటి మిగిలింది, టీమ్ దాన్ని చూసుకోలేదు. దాని పాస్‌వర్డ్, ఎంఎఫ్ఏ (లాగిన్‌లో రెండో తనిఖీ) పరికరం ఇప్పటికీ సీల్ వేసిన కవర్లో మా ఫైనాన్స్ మేడమ్ బీరువాలో ఉన్నాయి. ఆ కవర్ తీయాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి. దానికి ఇంతకంటే మంచి దారి దొరికితే మళ్లీ రాస్తాను.